రోజుకొక దయ, ఎవరికీ తెలియకుండా

ఆ రోజుల్లో నేను ప్రతిదానికీ తల ఊపేసేదాన్ని. నంద్యాల నుంచి ఉద్యోగానికని సింగపూర్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. వయసు ఇరవై రెండు. మా మేనేజర్ మాట్లాడే ఇంగ్లీషు సగం వాక్యం దాకా అర్థమయ్యేది, మిగతా సగం ‘లా’, ‘లోర్’ అంటూ గాలిలో కలిసిపోయేది. అర్థం కాకపోతే మళ్ళీ అడగొచ్చని నాకెవరూ చెప్పలేదు (చెప్పినా తలే ఊపి ఉండేదాన్ని). అందుకని అన్నిటికీ "ఓకే" అనేదాన్ని. అలా ఓకే అన్న పాపానికి ఒకసారి ఎవరి పుట్టినరోజుకో కేకు తెచ్చే బాధ్యతా, ఇంకోసారి ఎవరో సెలవు పెడితే వాళ్ళ పనంతా నా నెత్తిన పడ్డాయి. పక్క సీటు ఆమె "మకాన్?" అని అడిగితే, అదెవరి పేరో అనుకుని "ఇవాళ రాలేదు" అని చెప్పాను (భోజనం అయిందా అని అడిగిందని వారం తర్వాత తెలిసింది). మనుషులందరూ కలిసి ఏదో ఆట ఆడుతున్నట్టూ, దాని నియమాలు నేను రాకముందే చెప్పేసినట్టూ ఉండేది నాకు.

హౌగాంగ్‌లో ఒక తెలుగువాళ్ళ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడని అక్కా అనీ, ఆయన్ని బావగారూ అనీ పిలిచేదాన్ని. ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకి వెళ్ళిపోయేవారు. వాళ్ళకి ఎనిమిదేళ్ళ కూతురు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండేది కాబట్టి దానికి పిచ్చుక అని పేరు పెట్టాను. నన్ను పిన్నీ అనేది. తెలుగు అర్థమయ్యేది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "దానితో నువ్వు తెలుగులోనే మాట్లాడమ్మా, నీకు పుణ్యం ఉంటుంది" అని అక్క నేను చేరిన రోజే కోరింది. నాలుగో మనిషి బావగారి అమ్మ, మామ్మగారు. తాడేపల్లిగూడెం నుంచి ఆ ఏడే వచ్చారు. డెబ్బై దాటినా ఇల్లంతా ఆవిడ చేతుల మీదే నడిచేది. చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం, బట్టలు మడతపెట్టడం. "కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయమ్మాయ్" అంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు.

మా కారిడార్‌లో చివరింట్లో, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ ఉండేవారు. క్రిస్మస్‌కి అంతస్తు మొత్తానికి కేకు పంచుతారు కనుక పిల్లలకి ఆవిడ కేకు ఆంటీ. ఏటా డిసెంబర్ సెలవుల్లో ఆవిడ ఒక అట్ట మీద ఇరవై నాలుగు గళ్ళు గీసి, చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి, పండగ వచ్చేదాకా రోజుకొక మంచి పని చేయించేవారట. చేసినవాళ్ళు ఆ రోజు గడిలో ఒక నక్షత్రం అంటించాలి. ఆ ఏడు నవంబర్ చివర్లో ఆవిడ పెట్టెతో సహా లిఫ్ట్ దగ్గర నాకు ఎదురయ్యారు.

"అమ్మాయ్, మా పాపకి నెలలు నిండినయ్. హైదరాబాద్ పోతన్నా. ఈ ఏడు పిల్లల సంగతి నువ్వు చూడాలి. పెద్ద పనేం కాదు, రోజుకొక మంచి పని చేయించు. చేసింది చెప్పుకోకూడదని మాత్రం గట్టిగా చెప్పు. ఏం, చేస్తావు కదా?"

మీరు ఊహించినట్టే తల ఊపాను. అట్టా, నక్షత్రాల పొట్లమూ నా చేతిలో పెట్టి ఆవిడ వెళ్ళిపోయారు. క్రిస్మస్ గురించి నాకున్న జ్ఞానమంతా నంద్యాలలో మా పక్కింటివాళ్ళు పంపే కేకుతో మొదలై ఆ కేకుతోనే ముగుస్తుంది. ఆంటీ మాటల్ని గదిలో కూర్చుని రెండుసార్లు నెమరేసుకున్నాను. చేసింది చెప్పుకోకూడదు. అంటే రహస్యంగా చేయాలి. ఎవరి కంటా పడకూడదు. అదే ఇందులో కిటుకు అయి ఉంటుందని తీర్మానించాను.

డిసెంబర్ ఒకటో తారీకున పిచ్చుకనీ దాని స్నేహితురాళ్ళు ముగ్గుర్నీ మా గుమ్మం ముందు కూర్చోబెట్టాను. ఒక తమిళ పిల్ల, ఇద్దరు చైనీస్ అక్కాచెల్లెళ్ళు. నేను అక్కకిచ్చిన మాట ప్రకారం తెలుగులో చెప్పడం, పిచ్చుక అనువదించడం అని ఏర్పాటు.

"ఈ నెలంతా మనం రోజుకొక దయ చేయాలి," అన్నాను.

"దయ్యం?" పిచ్చుక కళ్ళు ఇంతయ్యాయి. "గోస్ట్ ఆ, పిన్నీ?"

"దయ్యం కాదే, దయ. అంటే ఎవరికైనా పని కష్టంగా ఉంటే మనం సాయం చేయడం."

"ఓ, కైండ్‌నెస్! దెన్ దయ్యం ఈజ్ వాట్?"

"అది వేరే."

పిచ్చుక కాసేపు ఆలోచించి, తన బృందం వైపు తిరిగి గంభీరంగా, "స్మాల్ వన్ ఈజ్ దయ, బిగ్ వన్ ఈజ్ దయ్యం. ఎవ్రీడే మస్ట్ డూ వన్, లా," అని అనువదించింది. అక్కడే సరిదిద్దాల్సింది. కానీ ఆఫీసు నుంచి ఫోను. దాన్ని చెవి దగ్గర పెట్టుకునే రెండో నియమం చెప్పాను: ఎవరికీ చెప్పకూడదు.

"మమ్మీకి ఆల్సో నో?"

"అమ్మక్కూడా."

"యూ ఆల్సో?"

ఇది నేను ఆలోచించలేదు. అయినా నియమం నియమమే కదా అని, "నాకు కూడా," అన్నాను.

"ఇఫ్ టెల్, దెన్ హౌ?"

"చెప్తే ఆ దయ క్యాన్సిల్." ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ తెలియదు.

మొదటి వారం అట్ట మీద నక్షత్రాలు రోజుకి నాలుగు చొప్పున మెరిశాయి. కారిడార్‌లో వింతలు కూడా మొదలయ్యాయి. ఇక్కడ అందరూ చెప్పులు గుమ్మం బయటే వదులుతారు. ఒకరోజు పొద్దున్న అంతస్తులోని చెప్పులన్నీ, ఎవరి గుమ్మమన్న తేడా లేకుండా, చిన్నవి ముందూ పెద్దవి వెనకా స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డట్టు బారుగా నిలబడి ఉన్నాయి. పక్కింటి చైనీస్ అంకుల్ ఒక కాలికి తన చెప్పూ ఇంకో కాలికి బావగారి చెప్పూ వేసుకుని బస్‌స్టాప్ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. రెండు రోజులకి ఆ అంకుల్ ప్రాణంగా పెంచుకునే మిరపమొక్క కుండీ చెరువైపోయింది. నలుగురు పిల్లలూ ఒకరికి తెలియకుండా ఒకరు తలో చెంబెడు నీళ్ళు పోశారు మరి. అంకుల్ గోడకి ఇంగ్లీషులో కాగితం అంటించాడు: ‘నా మొక్కని ముట్టుకోవద్దు. దానికి దాహంగా లేదు.’ అది చూడగానే పిల్లల్ని పిలిచి, "బయట వద్దు, ఎవరింట్లో వాళ్ళు చేసుకోండి," అని ఆజ్ఞ వేసి, గొడవ వదిలిందనుకుని హాయిగా టీ పెట్టుకుని తాగాను.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి మామ్మగారు ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడ్డారు. నేను వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని చేసేదాన్ని.

"అమ్మాయ్, చిక్కుడుకాయలు నువ్వు తీశావా?"

"లేదు మామ్మగారూ."

"కోడలు ఆఫీసుకెళ్ళిపోయింది. నువ్వు తీయలేదు. మరి నేనే తీశానేమో!" అని తమలో తాము అనుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు బట్టలు. తీగ మీద నుంచి తెచ్చి సోఫాలో పడేశాననీ, స్నానం చేసి వచ్చేసరికి మడతలు పెట్టి ఉన్నాయనీ అన్నారు. ఆ మర్నాడు కళ్ళజోడు. టీవీ దగ్గర పెట్టింది తళతళా తుడిచి పెట్టెలో ఉంది. సాయంత్రం అక్కని అడిగితే, "మీరే పెట్టి మర్చిపోయుంటారు అత్తయ్యగారూ," అంది మామూలుగా. మామ్మగారు ఆ రోజు నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ‘కళ్ళజోడు కిటికీలో పెట్టాను’, ‘వెల్లుల్లి ఇంకా ఒలవలేదు’ అని రాసుకోవడం మొదలుపెట్టారు. రెండో రోజుకి ఆ పుస్తకమే కనిపించకుండా పోయింది. వెతగ్గా వెతగ్గా వార్తాపత్రికల దొంతరలో, అంచులు సమానంగా సర్ది కనిపించింది.

మీకు ఈపాటికి విషయం అర్థమైపోయే ఉంటుంది. నాకు కాలేదు. నా దృష్టిలో ఎనిమిదేళ్ళ పిల్ల చేసే దయ అంటే తన బొమ్మలు తాను సర్దుకోవడమూ, పాలు ఒలకబోయకుండా తాగడమూ. పైగా నేను చదువుకున్నదాన్ని. గదిలో కూర్చుని పెద్దవాళ్ళ మతిమరుపు గురించి కంప్యూటర్‌లో మూడు గంటలు చదివి, అక్కకీ బావగారికీ నేనే వివరించాను. "మొదట్లో ఇలాగే ఉంటుందట, చేసిన పనే గుర్తుండదట," అని చేతులు తిప్పుతూ మరీ చెప్పాను. బావగారి ముఖం పాలిపోయింది. ఆయన ఆ పూటే క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

నా ఉపన్యాసం మామ్మగారు వంటింట్లోంచి విన్నారని తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి ఆవిడ పొయ్యి వెలిగించడం మానేశారు. "గ్యాసు కట్టడం మర్చిపోతే పిల్ల ఉన్న ఇల్లు కదమ్మా," అన్నారు. మూడు రోజులపాటు, మా ఇంటి కిందున్న హాకర్ సెంటర్‌లో తిండి కొట్ల నుంచి నూడుల్స్ తెచ్చుకు తిన్నాం. ఫ్రిజ్ మీద కొడుకు పేరూ ఫోను నంబరూ పెద్ద అక్షరాలతో రాసి అంటించుకున్నారు. నాలుగో రోజు పొద్దున బావగారితో, "టిక్కెట్టు తీసెయ్యరా. ఆ పోయే మతేదో నా ఇంట్లోనే పోనీ. ఇక్కడ తప్పిపోతే దారి అడగడానిక్కూడా నాకు భాష రాదు," అన్నారు. బావగారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. పిచ్చుక ఏం జరుగుతోందో తెలియక అందరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. ఆ రోజు కూడా దాని నక్షత్రం గడిలో ఉంది.

క్లినిక్‌కి మామ్మగారిని నేను తీసుకెళ్ళాను, అనువాదకురాలిగా. డాక్టర్ చైనీస్ అమ్మాయి, నాకన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. ఇది ఏ నెల అని అడిగింది. "మార్గశిరం," అన్నారు మామ్మగారు ఠక్కున. అది ఒప్పో తప్పో నాకు తెలియదు. అందుకని "డిసెంబర్" అన్నాను. "డిసెంబరని నేనెప్పుడన్నాను?" అని మామ్మగారు నా మీదకి వచ్చారు. ఇప్పుడు ఏ కాలం అన్న ప్రశ్నకి, "ఈ ఊళ్ళో ఏ కాలమో ముందు ఆవిణ్ణి చెప్పమను," అన్నారు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమంటే, "ఇక్కడి టైమా, మన టైమా?" అని అడిగారు. చివర్లో, మొదట చెప్పిన మూడు మాటలూ అప్పజెప్పి, మూడో మాట నేను తెలుగులో తప్పుగా చెప్పానని కూడా కనిపెట్టారు. డాక్టర్ నవ్వాపుకుంటూ, ఆవిడ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదనీ, నేను మాత్రం బాగా అలసిపోయినట్టు కనిపిస్తున్నాననీ చెప్పింది.

తిరుగు బస్సులో పై అంతస్తులో కూర్చున్నాం. నాకు అయోమయం ఇంకా పెరిగింది. మతి బాగానే ఉంటే మరి చిక్కుడుకాయలు ఎవరు తీశారు? మామ్మగారు అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగారు.

"డాక్టరుకి చెప్పలేదు గానీ అమ్మాయ్, నాకు అసలు కారణం తెలుసు. మనింట్లో దయ్యాలున్నాయి."

"దయ్యాలేంటి మామ్మగారూ?"

"నేను కాదు, పిల్లే చెప్పింది. నిన్న దాని స్నేహితురాలితో ఫోనులో అంటోంది. ఇంగ్లీషైతే మాత్రం నాకా మాట తెలియదా? ‘నాన్నమ్మకి ఇవాళ రెండు దయ్యం’ అంది. పసిపిల్ల కంటికి కనబడుతున్నాయన్నమాట. పైకి చెబితే బెదిరిపోతుందని ఊరుకున్నాను."

బస్సు మలుపు తిరిగింది. గుమ్మం ముందు నలుగురు పిల్లలు, చెవి దగ్గర ఫోను, నేను సరిదిద్దకుండా వదిలేసిన ఆ అనువాదం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. చెప్పకుండా ఉండిపోదామని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. డాక్టర్ ఏమీ లేదంది కదా, ఇంకో వారంలో పండగ అయిపోతుంది, దయ్యాలు వాటంతటవే పోతాయి. కానీ పక్కనే మామ్మగారు చేతిసంచీని రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని, దిగాల్సిన స్టాప్ పేరు మర్చిపోకుండా లోలోపల వల్లె వేసుకుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి. అది చూశాక మొత్తం చెప్పేశాను. కేకు ఆంటీ, అట్ట, దయ, దయ్యం, క్యాన్సిల్, అన్నీ.

మామ్మగారు చేతిసంచీ పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"అంటే నాకు మతి బాగానే ఉందన్నమాట."

"ఉంది మామ్మగారూ."

"మరి నీకు?"

బస్సు దిగి, మా అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద కూర్చుని, మామ్మగారి ఎదుటే కేకు ఆంటీకి ఫోను చేశాను. వెనక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. నా కథంతా విని ఆవిడ, "గొప్పలు చెప్పుకోవద్దన్నానమ్మా! దొంగల్లాగా చేయమన్నానా?" అని పక్కనున్నవాళ్ళకి కూడా చెప్పి నవ్వడం మొదలుపెట్టారు. మామ్మగారు ఫోను తీసుకుని, మనవడా మనవరాలా, బరువెంత, ఎవరి పోలిక అని పది నిమిషాలు మాట్లాడారు. ఇన్ని రోజుల్లో ఆవిడ గొంతు అంత హుషారుగా వినడం అదే మొదటిసారి.

ఇంట్లోకి వెళ్ళేసరికి అక్క ముందే వచ్చేసి ఉంది. పిచ్చుక బల్ల దగ్గర బొమ్మలేసుకుంటోంది. మామ్మగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చిక్కుడుకాయలు తీసింది ఎవరే?"

"డోంట్ నో."

"కళ్ళజోడు తుడిచింది?"

"డోంట్ నో," అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వైపు చూసింది.

"చెప్పెయ్యవే, ఫర్వాలేదు," అన్నాను.

"యూ సెడ్ టెల్ మీన్స్ క్యాన్సిల్! మై సెవెంటీన్ ఆల్ క్యాన్సిల్ ఆ?" అని బావురుమంది.

"ఏదీ క్యాన్సిల్ కాదు. ఆ రూలు ఆంటీది కాదు, నేను పెట్టాను. నాకు సరిగ్గా తెలియక పెట్టాను."

ఏడుపు ఠక్కున ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "యూ డోంట్ నో, దెన్ వై యూ టెల్?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్విందో, కోపం దాచుకుందో నాకు తెలియదు. మామ్మగారు మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని ముక్కు తుడిచారు.

"నా కోసం చేశావా ఇవన్నీ?"

తల ఊపింది.

"చాలా బాగా చేశావు. ఒక్క ఈనె కూడా మిగల్లేదు. కానీ నాన్నా, పనంతా నువ్వు చేసేస్తే నేనేం చేయను? మీ అమ్మా నాన్నా ఆఫీసు, నీకు నీ స్నేహితులు. ఆ కాయలు ముందేసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారని చూసేదాన్ని. అవి కాస్తా అయిపోయేవి. ఇక నుంచి నా దగ్గర కూర్చుని చెయ్యి. ఏం?"

"సిట్ అండ్ టాక్ ఓన్లీ? దట్ ఈజ్ కైండ్‌నెస్ ఆ?"

"తెలుగులో మాట్లాడాలి."

పిచ్చుక ముఖం చిట్లించింది. "వా, సో హార్డ్," అంది. కానీ ఆ సాయంత్రమే ఫ్రిజ్‌లోంచి చిక్కుడుకాయల సంచీ తనే తెచ్చింది. బావగారు ఇంటికొచ్చేసరికి నాలుగు రోజుల తర్వాత పొయ్యి మీద పోపు వేగుతోంది. ఆయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆ వాసన పీల్చారు. తర్వాత ఆయనకి విషయం చెప్పే పని కూడా నాదే అయింది. ఆయన రెండు రోజులు నాతో వాతావరణం గురించి మాత్రమే మాట్లాడారు.

మిగిలిన రోజుల్లో పిచ్చుక అట్ట మీద నక్షత్రం అంటించే ముందు నాన్నమ్మ అనుమతి తీసుకునేది. మామ్మగారు కూడా తేలిగ్గా ఇచ్చేవారు కాదు. "ఇవాళ సగమే మాట్లాడావు, మధ్యలో ఇంగ్లీషులోకి పారిపోయావు," అనేవారు. పండగనాడు పిల్లలు నలుగురూ వెళ్ళి పక్కింటి అంకుల్‌కి మిరపమొక్క సంగతి ఒప్పుకున్నారు. ఆయన విని, లోపలికెళ్ళి, గోడ మీద కాగితం మార్చాడు. వారంలో నాలుగు రోజులకి నలుగురి పేర్లు, మనిషికి అరగ్లాసు నీళ్ళు.

ఇది జరిగి ఎనిమిదేళ్ళవుతోంది. నేను ఆ ఇల్లు ఎప్పుడో వదిలేసి క్లెమెంటి వైపు వచ్చేశాను. మొన్న ఆదివారం లిటిల్ ఇండియాలో కూరగాయల దుకాణం ముందు, నాకన్నా పొడవైన ఒక అమ్మాయి గోంగూర కట్టలు తిరగేస్తూ ఫోనులో మాట్లాడుతోంది. "ఆయ్, ఎర్ర కాడదే ఉందండి నాన్నమ్మా. ఆకు లేతగానే ఉందండి, మీరు కంగారు పడకండి." సింగపూర్ నడిబొడ్డున, పదహారేళ్ళ పిల్ల నోట, అచ్చం తాడేపల్లిగూడెం. మా పిచ్చుకే. మోకాళ్ళ నొప్పులతో మామ్మగారు హౌగాంగ్ ఇంట్లోంచి కదలడం లేదట, ఆజ్ఞలన్నీ ఫోనులోనే అట. ఇద్దరం పక్క హోటల్లో కాఫీ తాగాం. పాతవన్నీ తవ్వుకుని నవ్వుకున్నాం. గ్లాసు కింద పెడుతూ పిచ్చుక ఉన్నట్టుండి, "పిన్నీ, నిజం చెప్పనా? అప్పట్లో మీకు అన్నీ తెలుసనుకునేదాన్నండి," అంది.

ఆఫీసులో అడగాల్సింది అడగలేక, బస్సు ఎటు ఎక్కాలో తెలియక, ప్రతి మాటకీ ముందు భయపడే ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక్కసారి నా ఎదుట వచ్చి కూర్చున్నట్టయింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పకూడదుటే," అన్నాను. "ఎంత ధైర్యంగా ఉండేదో నాకు."